పిట్టకు పెట్టిన పాలబన్ను

నేను ఎస్సైని. ఇంటర్ చదివే రోజుల్లో అద్దెకు తెచ్చిన డిటెక్టివ్ నవలలను అన్నం తింటూ కూడా పక్కన పెట్టేదాన్ని కాదు. వాటిలో డిటెక్టివ్ సొంత మనిషి చనిపోతే పై అధికారి భుజం తట్టి కేసు చేతిలో పెడతాడు. మధ్యలో ప్రేమ కూడా ఉంటుంది. అనుమానం వచ్చిన ప్రియుడు ఆఖరి పేజీలో ఏ తప్పూ చేయలేదని తేలుతుంది, పెళ్ళవుతుంది. అబ్బ, ఎంత హాయి! నా తమ్ముడు చనిపోయినప్పుడు మా సీఐ గారు మాత్రం నన్ను ఫైలు ముట్టుకోనివ్వలేదు.

"సొంత తమ్ముని కేసు నీకు ఇయ్యరాదమ్మా. రూల్ తెల్వదా నీకు? ఇంటికి పో, అమ్మను చూసుకో," అన్నారు.

తమ్ముడు ఎయిర్‌పోర్టు దగ్గర క్యాబ్ నడిపేవాడు. ఆ రోజు సాయంత్రం హిమాయత్ సాగర్ వైపు సర్వీసు రోడ్డు దిగువన, రాళ్ళ మీద ముక్కు పగిలిన వాడి బండి కనబడింది. వాడు బండి పక్కన గడ్డిలో పడి ఉన్నాడు, తలకు దెబ్బ. బండిలో మందు సీసా పగిలి వాడి చొక్కా అంతా తడిసింది. రక్తం రిపోర్టు ల్యాబ్ నుంచి రావాలంటే నెలలు పడుతుంది. ఊరికి అంత ఓపిక ఎక్కడిది? వాసన చాలు. "తాగి నడిపిండంట" అన్న మాట మా శంషాబాద్ గల్లీలో శవం కన్నా ముందే ఇంటికి చేరింది.

మా తమ్ముడు తాగడు. మా నాన్న తాగుడుతోనే పోయాడు, ఆ వాసనంటేనే వాడికి వాంతి. ఈ మాట ఎవరికి చెప్పినా జాలిగా చూసి తల ఊపేవారు. అమ్మ వాకిట్లోకి రావడం మానేసింది. కొడుకు పోయిన దుఃఖం ఒకవైపు, తాగుబోతు తల్లి అన్న మాట ఇంకోవైపు. రిపోర్టు వచ్చేదాకా ఆమె తలుపు వేసుకుని బతకాలా? కుదరదు. కేసు నాది కాకపోతే పోనీ, తమ్ముడు నావాడే కదా అనుకున్నాను.

ఇక్కడ ఇంకో మనిషి గురించి చెప్పాలి. అతను తమ్ముడి దోస్తు, అదే పార్కింగులో క్యాబ్ పెట్టుకుని, క్యూలో తన నంబరు కోసం ఎదురుచూసేవాడు. నాకు ఎయిర్‌పోర్టు రోడ్డు మీద బందోబస్తు పడినప్పుడల్లా బండి ఆపి, "మేడమ్, ఎండల మాడిపోతున్నరు," అంటూ మజ్జిగ ప్యాకెట్ ఇచ్చి పోయేవాడు. మొదట్లో కసురుకున్నాను. తర్వాత మజ్జిగ రాని రోజు చిరాకు పడ్డాను. తమ్ముడు ఊరుకుంటాడా? "అక్కా, మా బావకు గిట్ల చలాన్ ఏసినవనుకో, మర్యాద దక్కదు!" అని ఇల్లెగిరిపోయేలా నవ్వేవాడు. పెళ్ళి మాట రెండిళ్ళలోనూ ఖాయమైంది. నాకు అతనంటే ప్రాణం. దాచుకునేదేముంది?

తమ్ముడు పోయిన రోజు అతను పొద్దుటి నుంచీ కందుకూరులో మేనత్త ఇంట్లో దావతులో ఉన్నానని చెప్పాడు. సీఐ గారికీ అదే చెప్పాడు, నాకూ అదే చెప్పాడు. నేను మారు ప్రశ్న వేయలేదు.

మాలో మూడో రోజు పిట్టకు పెడతారు. పోయినవాళ్ళకు ఇష్టమైనవన్నీ వండి విస్తరిలో పెట్టి దూరంగా జరిగి నిలబడతాం. కాకి వచ్చి ముడితే ఆ మనిషికి ఏ కోరికా మిగల్లేదని నమ్మకం. ఇంటివాళ్ళే కాదు, కలిసి తిరిగినవాళ్ళు కూడా తలా ఒకటి తెచ్చి పెడతారు. అమ్మ మటన్ వండింది, సర్వపిండి చేసింది. డ్రైవర్లలో ఒకడు క్వార్టర్ సీసా మూత తీసి విస్తరి పక్కన పెట్టబోతే అమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది.

"నా కొడుకు తాగడు. తియ్ దాన్ని!"

"మొగపిల్లగాండ్లు ఇంట్ల చెప్పి తాగుతరా అమ్మా," అన్నాడు వాడు నెమ్మదిగానే. నాకు వాడి చెంప పగలగొట్టాలనిపించింది.

విస్తరి చుట్టూ ఖాళీ అయింది. కాకి రాలేదు. అప్పుడు అతను ముందుకొచ్చి, సంచిలోంచి స్టీలు డబ్బా తీసి, పాలలో మెత్తగా నానబెట్టిన బన్ను విస్తరి అంచున పెట్టాడు. మా పెద్దమ్మ వింతగా చూసింది.

"ఇదేంది కొడుకా, పసిపిల్లగానికి పెట్టినట్టు?"

"వానికి పన్ను నొస్తుండె గద పెద్దమ్మా. ఏం నమలలేకపోతుండె," అన్నాడు. పక్కకు తిరిగి ఏడ్చాడు.

కాసేపటికి కాకి వచ్చి, మెత్తగా ఉందనేమో, బన్నునే ముందు పొడిచింది. అందరూ దండం పెట్టారు. "ముట్టింది, ముట్టింది, బిడ్డ చల్లగ పోయిండు," అని పెద్దమ్మ కళ్ళొత్తుకుంది. నేను మాత్రం అతన్నే చూస్తూ నిలబడ్డాను.

ఎందుకంటే వాడు పోయిన రోజు పొద్దున నా కళ్ళముందే, ముందురోజు కూరలో మిగిలిన మటన్ ఎముకను వెనక పళ్ళతో పటపటా కొరికాడు. "కుక్కవా ఏందిరా?" అని తిట్టాను కూడా. పన్ను నొప్పి ఉంటే అది ఇంట్లోంచి వెళ్ళిన తర్వాతే మొదలై ఉండాలి. కందుకూరు దావతులో కూర్చున్న మనిషికి ఆ సంగతి ఎలా తెలిసింది?

ఫోన్లో చెప్పి ఉంటాడు, ఎవరో డ్రైవరు చెప్పి ఉంటాడు అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అలా అయితే ఎంత బాగుండు! పార్కింగుకు వెళ్ళి ఒక్కొక్కరినీ అడిగాను. పన్ను నొప్పి సంగతి ఎవరికీ తెలియదు. తమ్ముడి ఫోన్లో ఆ రోజు అతనితో మాట్లాడింది ఒక్కసారే, అది కూడా పొద్దున, నేను పక్కనుండగానే. ఆపైన నొప్పికి మాత్రలు కొనకుండా ఉంటాడా అని శంషాబాద్ నుంచి హిమాయత్ సాగర్ దాకా కనబడిన ప్రతి మందుల దుకాణం మెట్లెక్కి తమ్ముడి ఫోటో చూపించాను. కొందరు విసుక్కున్నారు. విసుక్కోనీ. చివరికి సర్వీసు రోడ్డు మలుపులో ఒకాయన ఫోటో చూడగానే గుర్తుపట్టాడు.

"పన్ను ఇరిగిందని వచ్చిండమ్మా. ఈ గోలీ ఏసుకుంటే నిద్రొస్తది, బండి నడపొద్దు అన్న. మావోడు నడుపుతడు తీయండి అన్నడు. పక్క హోటల్ల పాలు, బన్ను తెచ్చిచ్చింది ఆ ఎంబడి వచ్చినాయనే."

నా ఫోన్లో అతని ఫోటోలు చాలానే ఉన్నాయి. ఒకటి చూపించాను. "ఆ, ఈయనే," అన్నాడు దుకాణమాయన. కాసేపు ఆ మెట్ల మీదే కూర్చున్నాను.

మధ్యాహ్నం పార్కింగులో అతని బండెక్కి పక్క సీట్లో కూర్చున్నాను. పైన విమానం దిగుతోంది, ఆ మోత తగ్గేదాకా ఆగి అడిగాను.

"తమ్ముని బండి ఎవరు నడిపిన్రు?"

నా ముఖం చూసి అబద్ధం ఆడబుద్ధి కాలేదేమో, స్టీరింగు మీద తల పెట్టేశాడు.

"దావతుకెల్లి బస్సుల వచ్చిన. రోడ్డు మీద కనబడితే వాడే బండి ఆపి ఎక్కించుకున్నడు. గోలీకి మత్తుగుంది, నువ్వు నడుపు అన్నడు. తాగినవా అని అడిగిండు... లేదు అన్న. సీసా నా సంచిలనే ఉండె. బండి రాళ్ళకు గుద్దుకున్నంక వాన్ని బయటికి గుంజిన. పిలిచిన, పలకలే. భయమైంది, ఉరికిన."

"మా అమ్మను తాగుబోతు తల్లి అంటుంటే ఇనుకుంట ఎట్ల కూసున్నవ్?"

"చెప్తే నువ్వు మళ్ళ నా మొఖం చూస్తవా?" అన్నాడు. తర్వాత తలెత్తి, "పోలీసులెక్క అడుగుతున్నవా, నన్ను చేసుకునేదానిలెక్క అడుగుతున్నవా?" అన్నాడు.

"వాని అక్కలెక్క అడుగుతున్న. దిగు."

దిగాడు. తన బండి నడపనివ్వకుండా నా బండిలోనే స్టేషన్‌కు తీసుకెళ్ళి సీఐ గారి ముందు నిలబెట్టాను. నన్ను సాక్షిగా కూర్చోబెట్టి, ఇతను నీకు ఏమవుతాడు అని అడిగారు. "పెండ్లి చేసుకోవాల్సినోడు సార్," అన్నాను. రైటర్ పెన్ను ఆపి నా వైపు చూశాడు. "రాయన్నా, ఆపకు," అన్నాను. తర్వాత కోర్టులోనూ ఇదే చెప్పాను. మళ్ళీ పిలిచినా ఇదే చెబుతాను.

ఆ రోజు ఇంటికి వెళ్ళేసరికి పొద్దు ఇంకా ఉంది. అమ్మ చీకటి గదిలో గోడకు చేరగిలి కూర్చుంది.

"అమ్మా, తమ్ముడు తాగలే. బండి కూడ వాడు నడపలే."

ఆమె లేచింది. కొంగు కూడా సర్దుకోకుండా వాకిలి దాటి గల్లీ నడిమధ్య నిలబడింది. "ఇనుండ్రి! నా కొడుకు తాగలే! ఇగ ఎవలన్న ఆ మాటంటే నాలుక కోస్త!" అని గొంతు చినిగేలా అరిచింది. తలుపులు తెరుచుకున్నాయి. ఎదురింటావిడ ఏడుస్తూ వచ్చి అమ్మను పట్టుకుంది.

లోపలికి వచ్చాక అడిగింది. "మరి ఎవలు నడిపిన్రు బిడ్డా?"

చెప్పాను. నేను యూనిఫామ్ బెల్టు తీసి మేకుకు తగిలించి, పొయ్యి వెలిగించి, అన్నానికి ఎసరు పెట్టాను. అమ్మ వచ్చి పొయ్యి ఆర్పేసింది.

"వాన్ని నువ్వే పట్టుకపోయినవా?"

"నేనే."

"మంచి పని జేసినవ్," అంది. తర్వాత నా తల గట్టిగా తన భుజానికి అదుముకుంది. "ఇగ ఏడువు. తమ్మునికి ఏడ్చినవ్ గద, వానికి కూడ ఏడువు. నేనేం అనుకోను."