వంకాయ పటేల్

మా ముత్తాత నర్మెట్ట దిక్కున మూడు ఊళ్లకు మాలీ పటేల్. ఆయన శిస్తు వసూలుకు బయలుదేరితే అరుగుల మీద కూర్చున్నవాళ్లు లేచి నిలబడేవారట. మా తాత పటేల్‌గిరీ పోయాక కూడా తలపాగా లేకుండా ఒక్కనాడూ గడప దాటలేదు. మా బాపు కాలానికి భూములు పోయాయి, తలపాగా పెట్టెలోకి పోయింది, లేచి నిలబడేవాళ్లూ పోయారు. మిగిలినవల్లా పెచ్చులూడిన ఇల్లు, ఇంటి వెనక దొడ్డి, కొట్టుగదిలో ఒక పెద్ద ఇత్తడి గంగాళం. ఊళ్లో ఎవరింట పెండ్లైనా నీళ్లు నింపడానికి ఆ గంగాళాన్నే అడిగి తీసుకుపోయేవారు. దాని అంచు మీద ముత్తాత పేరు కొట్టించి ఉండేది. "అందరి పెండ్లికి మన పేరు పోతది" అని బాపు మీసం సర్దుకునేవాడు. ఆ రోజుల్లో (ఎంతో వెనకటి కాలం కాదు, ఫోన్లలో డేటా చౌకై ఊరంతా వీడియోలకు అలవాటు పడిన రోజులే) నాకు ఇరవై నాలుగేళ్లు. డిగ్రీ ఉంది, పని లేదు. వెన్ను మాత్రం ముత్తాతదే, వంగేది కాదు.

ఒకసారి ఇంటి జాగా కాగితాల పని మీద బాపూ నేనూ ఒక ఆఫీసుకు పోయాం. అక్కడి గుమాస్తా తల ఎత్తకుండానే "మీరు ఎవల తాలూకు?" అన్నాడు. బాపు గొంతు సవరించుకుని ముత్తాత పేరు చెప్పాడు. "గాయనెవరు?" అన్నాడు గుమాస్తా. తిరుగు బస్సులో బాపు కిటికీ దిక్కు తిరిగి కూర్చున్నాడు. ఆ మెడ వెనక భాగాన్ని చూస్తూ, మా ఇంటి పేరును మళ్లీ నలుగురి నోట పలికిస్తానని మనసులో ఒట్టు పెట్టుకున్నాను. భూమి లేనివాడు పేరు తెచ్చుకోవడానికి నాకు ఒక్క తోవే కనిపించింది. ఫోన్‌లో చానెల్ పెట్టడం.

రైతులకు సలహాలు చెప్పే చానెల్. పేరు "పటేల్ గారి సేద్యం". (అప్పటిదాకా నేను పొలం గట్టు మీద నడిచింది చెప్పులకు బురద అంటకుండానే.) తక్కువ ఖర్చులో బ్రాండు ఎట్లా కట్టుకోవాలో చెప్పే వీడియోలు వారం రోజులు కూర్చుని చూశాను. ఒక మైకు, ఒక గుండ్రటి లైటు, ఫోన్ నిలబెట్టే స్టాండు ఉంటే చాలన్నారు. అవి సంపాదించాను. ఎట్లా సంపాదించానో కాసేపాగి చెబుతాను, ఇప్పుడే చెప్పడానికి నోరు రావడం లేదు. "మీరు మీలాగే ఉండండి, అదే మీ బ్రాండు" అని కూడా అన్నారు. దాన్ని నేను ముత్తాతలా ఉండమన్నారని అర్థం చేసుకున్నాను. తాత తలపాగా పెట్టెలోంచి తీశాను, తాత కుర్చీ దుమ్ము దులిపాను. చిక్కంతా చివరి మాట దగ్గర వచ్చింది. చానెళ్లవాళ్లందరూ వీడియో చివర్లో చేతులు జోడించి "దయచేసి సబ్‌స్క్రైబ్ చేసుకోండి" అని అడుగుతారు. మా ఇంట్లో అడిగే అలవాటు లేదు. అద్దం ముందు ఎన్నిసార్లు ప్రయత్నించినా చేతులు ఛాతీ దాకా వచ్చి ఆగిపోయేవి. ఆఖరికి "చేసుకోదలచినవారు చేసుకోవచ్చు" అని చెప్పి ఫోన్ కట్టేసేవాణ్ణి. మొదటి మూడు వీడియోలకు చేసుకోదలచినవారు పదకొండు మంది. అందులో నలుగురు మా మేనబావలు.

నాలుగో వీడియో మిరప నారు గురించి. మా దొడ్డిలో నీటి వసతి ఉందని మిర్చవ్వ అక్కడ నారుమడి పోసుకుంది. ఏటా మహబూబాబాద్ దిక్కు మిరపకాయలు ఏరడానికి కూలికి పోయి పోయి ఆ ముసలమ్మకు ఆ పేరు పడింది. మిర్చవ్వ పోసింది మిరప నారు కాక ఇంకేమవుతుంది? మడి పక్కన కుర్చీ వేసుకుని, తలపాగా చుట్టి, ఒక ఆకు తెంపి పైకెత్తి చూపించాను. "దీని మీద సన్నని నూగు చూడండి. మేలు జాతి మిరపకే ఈ నూగు ఉంటుంది. ఘాటు ఆకులోనే తెలిసిపోతుంది" అని ఆ ఆకును నమిలాను కూడా. మిర్చవ్వ చంకలో బిందెతో, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని పక్కనే నిలబడి ఉంది. నా విద్యకు అబ్బురపడుతోందనుకున్నాను.

మూడు రోజుల్లో ఆ వీడియో ఎక్కడెక్కడికో పోయింది. "బాంచెన్ పటేలా, గది మిరప గాదు, వంకాయ నారు!" అని ఒకడు రాశాడు. "కూర వండకముందే తిన్నడురా!" అని ఇంకొకడు. "పటేలా, మల్ల పత్తి చేన్ల నిలవడి వరి గురించి ఎప్పుడు జెప్తవ్?" అని వేరొకడు. దొడ్డిలోకి ఉరికాను.

"అవ్వా, అది వంకాయ నారని నాకు జెప్పొద్దా?"

"పటేల్ మాట్లాడుతుంటె అడ్డం మాట్లాడుతరా, చిన్న పటేలా?" అన్నది మిర్చవ్వ, నిజంగానే ఆశ్చర్యపోయి. "మీ తాత మిట్టమధ్యాహ్నం పొద్దుగూకిందన్నా మేం దీపం వెట్టినోళ్లం."

ఆ తర్వాత మహబూబాబాద్ బస్టాండ్‌లో దిగితే ఆటోవాళ్లు "ఓ వంకాయ పటేలా, యాడికి?" అని పిలవసాగారు. మా ఇంటి పేరు నలుగురి నోట పలికించాలనుకున్నాను, నలుగురేం ఖర్మ, నాలుగు మండలాల వాళ్లు పలికారు. నర్సింహులపేటలో ఒక దావత్‌లో ఎవరో చుట్టం బాపుకు ఆ వీడియో చూపించాడు. ఆయన రెండుసార్లు చూసి ఇంటికొచ్చి, "కుర్చీ మంచిగ కనవడ్డది" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

అసలు సిగ్గు ఇంకా ముందుంది. నెల తిరక్కముందే మిర్చవ్వ వచ్చి బాపు ముందు నిలబడింది. "మనుమరాలి పెండ్లి వెట్టుకున్నం పటేలా. గంగాళం గావాలె." వీడియో చూసినప్పటి నుంచి వంగి ఉన్న బాపు నడుము ఆ మాటతో నిటారైంది. "అడుగుడేందవ్వా, తీస్కపో! కొడుకా, కొట్టుగది తియ్యి!" అన్నాడు, ఊరంతా వినేటట్టు.

తాళం తీశాను. ఆమె నా వెనకే లోపలికి వచ్చింది. గంగాళం ఉండే చోట నేల మీద గుండ్రటి మచ్చ ఉంది. మచ్చ మధ్యలో నా స్టాండు, దాని తలకాయ మీద లైటు. మిర్చవ్వ మచ్చను చూసింది, లైటును చూసింది, ఆ తర్వాత నన్ను చూసింది. "అవ్వా..." అన్నాను. ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని బయటికి నడిచింది.

"ఎందుకులే పటేలా. గంత బరువు మోసెటోళ్లు యాడున్నరు గిప్పుడు? టెంటోళ్లు డ్రమ్ములు ఇస్తమన్నరు" అన్నది బాపుతో.

"గట్లనా" అన్నాడు బాపు. మీసం సర్దుకోబోయి చెయ్యి దించి, "మునుపు మోసెటోళ్లు ఉండిరి" అన్నాడు. ఆయన లేచి కొట్టుగదిలోకి పోయి చూడలేదు. ఆ తర్వాత బతికినన్నాళ్లూ ఆ గదిలో అడుగు పెట్టలేదు. తెలిసి పెట్టలేదో, తెలియకుండా ఉండడానికి పెట్టలేదో నేను అడగలేకపోయాను. అడిగే అలవాటు మాకు లేదని ముందే చెప్పాను కదా.

ఇప్పుడు భూపాలపల్లిలో ఒక కాంట్రాక్టరు దగ్గర కూలీల హాజరు రాస్తున్నాను. చానెల్ ఎప్పుడో ఆగిపోయింది కానీ ఆ నాలుగో వీడియోను ఇంకా ఎవరో ఒకరు చూస్తూనే ఉంటారు. మొన్న ఒక కుర్రకూలీ హాజరు వేయించుకుంటూ నా మొహం చూసి, "సార్, మీరు వంకాయ పటేల్ గదా?" అన్నాడు. వెనకటి నేనైతే ఆ పూట అతని హాజరు మరిచిపోయేవాణ్ణి. ఇప్పుడు లేచి నిలబడి, "అవును" అన్నాను. ఆనాడు అద్దం ముందు ఛాతీ దగ్గర ఆగిపోయిన చేతులు వాటంతట అవే జోడైనాయి. నవ్వొచ్చింది కూడా.

కాసేపాగి చెబుతానన్నాను కదా, గంగాళం సంగతి. దానికి దుప్పటి చుట్టి, ఆటోలో జనగామ తీసుకుపోయి, ఇత్తడి సామాన్ల దుకాణంలో తూకానికి అమ్మాను, అంచు మీది పేరుతో సహా.