చెక్‌కీ టెస్ట్‌కీ మధ్య

లిఫ్టు మేస్త్రికి వచ్చిన ఇంగ్లీషంతా రెండు మాటల్లోనే ఉంది. ఒకటి చెక్, రెండోది టెస్ట్. రెండూ ఒకటే కదా అని ఎవరైనా నోరు జారారో, వాళ్ల పని అయిపోయినట్టే.

"చెక్ అంటే కంటితో చూడటం, చేత్తో తట్టడం. టెస్ట్ అంటే బరువు మోయించడం. మా ఆవిడ కూర వాసన చూస్తే చెక్, నా కంచంలో వడ్డిస్తే టెస్ట్," అనేవాడు.

అందుకే ఆయన దగ్గర పనిచేసేవాళ్లకు ఒక కట్టుబాటు ఉంది. బ్రేకు ఎవరు మారిస్తే వాళ్లే, నిండా ఇసుక బస్తాలు పెట్టిన లిఫ్టులో నిలబడాలి. అది కిందికి దిగుతుండగా పైన మెషిన్ రూములో ఇంకొకరు కరెంటు తీసేస్తారు. బ్రేకు పట్టాలి. పట్టకపోతే ఏమవుతుందో ఎవరూ పైకి అనరు.

ఇంత నియమం పెట్టిన మనిషి ధైర్యవంతుడనుకునేరు. ఒట్టి పిరికివాడు. ప్రతిసారీ ప్రాణాలు గుప్పెట్లో పెట్టుకునే ఎక్కేవాడు, దిగాక మాత్రం మీసం దువ్వుకునేవాడు.

ఆ రోజు ఆసుపత్రి లిఫ్టుకు బ్రేకు బిగించింది ఆయన కూతురు. తనంతట తాను చేసిన మొదటి బ్రేకు. మేస్త్రి దాని చుట్టూ తిరిగి తిరిగి చూశాడు. ఎక్కడా వంక దొరకలేదు. దొరికితే బాగుండునని ఎంత కోరుకున్నాడో.

"నేను చెక్ చేశాను కదమ్మా, బాగానే ఉంది. ఈసారికి చాల్లే," అన్నాడు ఆమె వంక చూడకుండా.

"ఈ మాట ఇంకొకళ్లంటే ఊరుకునేవాడివా నాన్నా?"

ఆమె కిందికెళ్లి లిఫ్టులో బస్తాల మధ్య నిలబడి, మెషిన్ రూములో ఉన్న తండ్రికి ఫోన్ చేసింది. "బయలుదేరాను. తీసెయ్."

మేస్త్రి పై ప్రాణాలు పైనే పోయాయి. ఇన్నాళ్లూ తను పడ్డది అసలు భయమే కాదు. స్విచ్చు మీద పెట్టిన చేయి కదల్లేదు.

"నాన్నా, కింది దాకా వచ్చేస్తున్నా."

కళ్లు మూసుకుని లాగేశాడు. తాళ్లు ఒక్కసారి వణికి నిలిచాయి. ఆయన ఫోన్‌ను చెవికి అదుముకున్నాడు.

"ఆగింది," అంది కూతురు చివరికి. "చచ్చేంత భయమేసింది నాన్నా."

ఆయన ఉన్నచోటే చతికిలబడ్డాడు.

"కరెంటు ఇవ్వు. పైకొచ్చి మళ్లీ దిగుతాను. ఒకసారి ఆగితే అదృష్టమని కూడా అనొచ్చు."

బ్రేకు గురించిన భయం ఆయనకు అంతటితో తీరిపోయింది. దాని చోట ఇంకోటి వచ్చి కూర్చుంది. ఈ పిల్ల రేపూ ఎక్కుతుంది, ఎల్లుండీ ఎక్కుతుంది, పైన స్విచ్చు దగ్గర తను లేని రోజున కూడా ఎక్కుతుంది. వద్దందామంటే, ఆ కట్టుబాటు పెట్టింది తనే. లేచి కరెంటు ఇచ్చాడు.