సుద్దగీతల కారు

ఉయెదా ఊళ్లో సెలూన్ నడిపే హిసాషికి డెబ్బై రెండేళ్లు. చవకలో చిన్న స్పోర్ట్స్ కారు తయారు చేస్తున్నామని ఓ కార్ల కంపెనీ చెప్పి మూడేళ్లయింది. కారు ఇంకా రాలేదు. అక్కడ కారు నిలిపే చోటు చూపిస్తేనే పోలీసులు కొననిస్తారు కాబట్టి, ఇంటి ముందు దాని కొలతకు సుద్దగీతలు మాత్రం గీసి ఉంచాడు.

ఒకనాడు భార్య తొమియె ఆ గీతల మధ్య ముల్లంగి ఊరగాయ పీపా పెట్టింది.

"అది నా కారే," అన్నాడు.

"తెలుసు. పక్కసీట్లోనే పెట్టాను."

"మరి నువ్వెక్కడ కూర్చుంటావు?"

"స్టీరింగ్ దగ్గర. అదొచ్చేసరికి మీరు ఇక్కడి ముసలాళ్లందరిలాగే డ్రైవింగ్ లైసెన్సు తిరిగిచ్చేసి ఉంటారుగా."

హిసాషి పీపాను గీత బయటికి దొర్లించి, ఆ చోటనే పీట వేసుకుని కూర్చున్నాడు.

"మలుపుల్లో మెల్లగా పోనీ," అన్నాడు.