ద్రాక్షతోటకు రేటు కట్టిన ఆదివారం

పెళ్ళయిన కొత్తలో మేము మేడ్చల్లో ఒక డాబా ఇంటి పై వాటాలో అద్దెకుండేవాళ్ళం. తొంభైల చివరి సంవత్సరాలవి. మా వారికి అక్కడి మందుల ఫ్యాక్టరీలో షిఫ్టు ఉద్యోగం. మాది తెనాలి వైపు. ఆ ఊళ్ళో నాకు బాగా తెలిసిన మనిషి ఒక్కరే, కింది వాటాలో ఉండే ఇంటావిడ. యాభై దాటిన మనిషి. భర్త పోయాక పొలం పనులన్నీ ఆవిడే చూసుకునేది. నేను "పిన్నిగారూ" అని పిలిస్తే మొదట్లో పకపకా నవ్వేది.

"గారు ఏంది పిల్లా, నేనేమన్న తాసిల్దారునా?" అనేది.

ఆవిడకు షామీర్‌పేట దారిలో ద్రాక్షతోట ఉండేది. దాని పక్కనే కొన్నేళ్ళ కిందట ఒక వాటర్ పార్కు వెలిసింది. తీగలు కడుతున్నప్పుడల్లా గోడ అవతలి నుంచి జనం కేకలు వినిపించేవట. కానీ ఆవిడ ఒక్కసారి కూడా లోపలికి వెళ్ళలేదు. ఆ ఎండాకాలం పార్కువాళ్ళు తోట కొంటామని కొడుకు ద్వారా కబురు పెట్టారు. బోర్లలో నీళ్ళు తగ్గిపోయి ద్రాక్ష గిట్టుబాటు కావడం లేదు. అమ్మేద్దామని అతను తొందరపడ్డాడు. అప్పటికే ప్లాట్ల వ్యాపారంలో దిగాడు.

"అమ్మా, మంచి రేటే ఇస్తమంటుండ్రు. జల్దీ చెప్పకుంటే ఇంకోళ్ళ భూమి జూస్కుంటరు" అన్నాడు.

ఆ సాయంత్రం ఆవిడ మెట్లెక్కి పైకొచ్చి నన్నడిగింది:

"పిల్లా, రేపు ఐతారం నీకేమన్న పనున్నదా?"

"లేదు పిన్నిగారూ. ఆయనకు డ్యూటీ."

"అయితే ఆ పార్కుకు పోయొద్దాం నడువ్. గాళ్ళ దందా ఎట్ల నడుస్తాందో కండ్లతోటి సూడకుంట రేటెట్ల జెప్పాలె? బోర్డులు సదవనీకి నువ్వుండాలె."

అడిగితే పార్కువాళ్ళు పాసులిస్తారని కొడుకు చెప్పాడు. ఆవిడ ఒప్పుకోలేదు. "పాసు తీసుకుంటే గాళ్ళ ముంగట నోరు లేవదు. పైసలిచ్చే పోత."

నాకు రాత్రంతా సరిగ్గా నిద్ర పట్టలేదు. పేపర్లో ఆ జారుడు బల్లల ఫొటోలు చూడడమే తప్ప నేనూ అలాంటి చోటికి వెళ్ళలేదు.

తెల్లారి మేము ఆటో దిగేసరికి గేటు ముందు రోడ్డు కనిపించలేదు. అల్వాల్ నుంచి, మచ్చ బొల్లారం నుంచి, సిటీలోంచి వ్యాన్లు మాట్లాడుకుని వచ్చిన జనం. చంకల్లో పిల్లలు, చేతుల్లో టిఫిన్ క్యారియర్లు. టికెట్ల లైను గేటు దగ్గర మొదలై చింతచెట్ల దాకా సాగి, అక్కడి నుంచి మళ్ళీ వెనక్కి తిరిగింది. నేను బోర్డు చదివి చెప్పాను: మామూలు రోజుల్లో ఒక రేటు, ఆదివారాలూ సెలవు రోజులూ అంతకంటే ఎక్కువ. ఇంత జనం ఉన్న రోజున ఎక్కువ తీసుకోవడమేమిటని మా ముందున్న ఆయన కౌంటర్లో గొడవ పెట్టుకున్నాడు. పిన్నిగారి ముఖం మాత్రం వెలిగిపోయింది.

"పండుగ పూట పూలు పిరం గావా? గట్లనే" అని నా చెవిలో అంది. "ఎక్కువ జెప్పినా ఎవ్వడన్న వాపస్ పోతుండా? సూడు. ఒక్కడు గూడ పోతలేడు."

లోపల చీరలతో నీళ్ళలోకి దిగనివ్వరన్నారు. నైలాన్ బట్టలు అద్దెకిచ్చే చోట ఆడవాళ్ళు ఒకరి మీద ఒకరు పడుతున్నారు. బట్టలు మార్చుకునే గదులు తక్కువ, జనం ఎక్కువ. నలుగురం ఒకే గదిలో దూరి మోచేతులు తగిలించుకుంటూ మార్చుకున్నాం. మోకాళ్ళ కిందికి దిగిన నీలం లాగు, వదులు చొక్కా వేసుకుని పిన్నిగారు బయటికొచ్చింది. అద్దంలో చూసుకుని గోడ పట్టుకుని నవ్వింది. కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వింది.

"నా కొడుకు జూస్తే ఊరిడిసి పోతడు!"

అలల కొలను దగ్గరికి వెళ్ళాం. చిన్న కొలను. నీళ్ళకంటే తలకాయలే ఎక్కువ కనిపించాయి. గట్టు పట్టుకుని దిగి నడుం లోతులో నిలబడ్డామో లేదో, సైరన్ మోగింది. జనమంతా ఒక్కసారిగా హోరుమన్నారు. మొదటి అల వచ్చి నన్ను లేపి వెనక్కి విసిరింది. నా కాళ్ళకు నేల అందలేదు, ముక్కులోకి నీళ్ళు పోయాయి. అంతలో పిన్నిగారి చెయ్యి నా జబ్బ పట్టుకుంది. తీగలు లాగి లాగి గట్టిపడ్డ చెయ్యి. రెండో అల వచ్చినప్పుడు ఇద్దరం ఒకరినొకరం పట్టుకుని ఎగిరాం. మూడోదానికి ఆవిడ వేసిన కేక విని పక్కనున్నవాళ్ళు కూడా నవ్వారు.

"ఇందుకా ఇన్నేండ్ల సంది గోడవతల గిట్ల మొత్తుకునుడు!" అంది ముఖం తుడుచుకుంటూ.

ఆ తర్వాత అన్నిటికంటే ఎత్తయిన జారుడు బల్ల ఎక్కాలంది. ఇనుప మెట్ల మీద లైను కదలడం లేదు. పైకి వెళ్ళి కిందికి చూసి భయపడ్డవాళ్ళు అవే మెట్ల మీద వెనక్కి దిగుతున్నారు. ఎక్కేవాళ్ళు దారివ్వడం లేదు. మధ్యలో అందరం ఇరుక్కున్నాం. వెనకనుంచి తోపులాట మొదలైంది. ఎవరిదో పాప ఏడ్వడం మొదలుపెట్టింది. నాకు ఊపిరాడలేదు. ఈల ఊదుతున్న పార్కు మనిషి మాట ఎవరూ వినడం లేదు.

పిన్నిగారు కమ్మీ పట్టుకుని ఒక మెట్టు పైకెక్కి నిలబడింది. పొలం ఇటు చివరి నుంచి అటు చివరికి కూలీలను పిలిచే గొంతు అది.

"ఓ నాయినా! నూకకుండ్రి! ఎక్కేటోళ్ళు ఆ దిక్కు జరుగుండ్రి, దిగేటోళ్ళు ఈ దిక్కు రాండ్రి! ముంగట ఆ పాపను దింపుండ్రి!"

ఆశ్చర్యంగా అందరూ విన్నారు. పాపను చేతుల మీదుగా కిందికి దించారు. కాసేపటికి లైను కదిలింది. మా వంతు వచ్చింది. ఆవిడ ముందు, నేను వెనక. మలుపు మలుపుకీ గుండె జారిపోయింది. కింద నీళ్ళలో పడి లేచేసరికి పిన్నిగారు జుట్టు ఊడిపోయి, రెండు చేతులూ పైకెత్తి "ఇంకోపారి!" అని అరుస్తోంది.

ఇదంతా చూసిన పార్కు మేనేజరు మా దగ్గరికొచ్చాడు. ముప్పయ్యేళ్ళ మనిషి, చెమటతో తడిసిపోయి ఉన్నాడు. తన గది ముందు కుర్చీలు వేయించి టీ ఇప్పించాడు.

"పెద్ద సాయం చేశారమ్మా. లేకపోతే ఏమయ్యేదో" అన్నాడు.

"ఇంకో నిచ్చెన ఎందుకు పెట్టలే బిడ్డా? కొలను గూడ చిన్నగున్నది."

"పెట్టడానికి జాగా ఏదమ్మా? రెండు వైపులా రోడ్డు, ఒక వైపు గుట్ట. మిగిలింది ఆ ద్రాక్షతోట ఒక్కటే. అది దొరికితే వచ్చే ఎండాకాలానికి పెద్ద కొలను కట్టేస్తాం. దొరక్కపోతే మాకు వేరే దారి లేదు."

నేను టీ కప్పు పట్టుకుని కదలకుండా కూర్చున్నాను. పిన్నిగారు మెల్లగా ఊది ఊది టీ తాగింది.

"అయితే ఆ తోట లేకుంటే మీకు నడువదన్నట్టు."

"నడవదమ్మా. చూశారుగా ఈ జనాన్ని."

ఆటోలో అడిగాను. "ఆ తోట మీదేనని చెప్పలేదేం పిన్నిగారూ?"

"గాయన అడుగలేదు గదా" అని నా తొడ మీద చరిచి మళ్ళీ నవ్వింది. "వేరేటోళ్ళ భూమి జూస్కుంటరంట! ఏడికెల్లి జూస్కుంటరు?"

ఆ వారంలోనే పార్కు యజమానులిద్దరితో కలిసి మేనేజరు పిన్నిగారింటికి వచ్చాడు. నేను మంచినీళ్ళ గ్లాసులు తెచ్చేసరికి అతను గుమ్మంలోనే ఆగిపోయి ఉన్నాడు.

"మీరా అమ్మా?"

"నేనే. కూసో బిడ్డా."

అతని ముఖం ఎర్రబడింది. యజమానులకు ఏమీ అర్థం కాలేదు. పిన్నిగారు తన రేటు చెప్పింది. అంత రేటా అన్నట్టు కొడుకు దగ్గాడు. ఆవిడ అతని వైపు చూడలేదు. రేటుతో పాటు ఇంకా అడిగింది: ప్రతి జారుడు బల్లకూ ఎక్కే మెట్లు వేరు, దిగే మెట్లు వేరు ఉండాలి. ఆడవాళ్ళకు బట్టలు మార్చుకునే గదులు పెద్దవి కట్టాలి. వారంలో ఒకరోజు మేడ్చల్ వాళ్ళకూ, పార్కు పక్క ఊరు తూంకుంట వాళ్ళకూ సగం టికెట్ పెట్టాలి. బేరం మధ్యాహ్నం దాకా సాగింది. ఆవిడ చెప్పిన రేటుకు కొంచెం తగ్గించి ఒప్పుకున్నారు. మెట్లకూ, గదులకూ సరేనన్నారు. సగం టికెట్ మాత్రం ఒక్క ఎండాకాలమే నడిచింది. తర్వాత ఎత్తేశారు. దాని మీద ఆవిడ మేనేజరుతో చాలాసార్లు పోట్లాడింది.

మరుసటి ఎండాకాలం కొత్త కొలను తెరిచారు. టికెట్ ధర పెరిగింది. మా వీధిలో ఆడవాళ్ళు ఆవిడను నిలదీశారు.

"నువ్వు భూమికి అంత రేటు గుంజినవు, గాళ్ళు మా దగ్గర గుంజుతుండ్రు."

"కొలను ఎంత పెద్దగైందో పోయి సూడుండ్రి, గప్పుడు మాట్లాడుండ్రి" అంది.

వాళ్ళు వెళ్ళారు. అందరూ వెళ్ళారు. చోటు రెండింతలైతే జనం అంతకు మించి వచ్చారు. లైను ఈసారి చింతచెట్లు దాటి మెయిన్ రోడ్డెక్కింది. నాకు అప్పుడు ఏడో నెల. నీళ్ళలోకి దిగనివ్వలేదు. గట్టు మీద నీడలో కూర్చుని, ఆవిడ చీర మూటను ఒళ్ళో పెట్టుకున్నాను. కొత్త జారుడు బల్ల ఒకప్పుడు తోట ఉన్న జాగాలోనే లేచింది. పిన్నిగారు అందులోంచి దబ్బున నీళ్ళలో పడింది. ఏమన్నా దిగులు పడుతుందేమోనని ఆవిడ ముఖం వైపే చూశాను. దగ్గుకుంటూ లేచి, కళ్ళు తుడుచుకుని, నా వైపు చెయ్యి ఊపింది.

"పిల్లా, బిడ్డ పుట్టినంక నువ్వు గూడ రావాలె! మస్తున్నది!" అని అరిచి, తడి కాళ్ళతో పరుగులాంటి నడకతో మళ్ళీ ఎక్కే మెట్ల లైన్లోకి వెళ్ళిపోయింది. ఆవిడ ముందు చాలామంది ఉన్నారు. నేను వేడి మిర్చి బజ్జీలు తెప్పించుకుని తింటూ కూర్చున్నాను.