మా ఇంట్లో పడిన పచ్చ ఓటు

డెబ్బైల చివర, నేను డిగ్రీ చదివే రోజుల్లో, కిషన్‌బాగ్‌లోని మా మేడగదిలో జోసెఫ్ అనే ఆఫ్రికా విద్యార్థి అద్దెకుండేవాడు. ప్రతి ఆదివారం మాతోపాటే చర్చికి వచ్చేవాడు. వాళ్ల దేశంలో ఒకటే పార్టీ.

అక్కడ ఎన్నికలొచ్చాయి. ఓ ఆదివారం ఆరాధన ముగించుకుని మేం ఇంటికొచ్చేసరికి వాళ్ల ప్రభుత్వ అధికారి ఒకాయన ఓట్ల డబ్బాతో గుమ్మంలో కూర్చున్నాడు. ఉన్న అధ్యక్షుడే మళ్లీ కావాలంటే పచ్చ కాగితం, వద్దంటే ఎర్రది, ఆ అధికారి కళ్లముందే డబ్బాలో వేయాలట.

"గిదేం ఎలక్షన్ భాయ్? ఒక్కడే ఉరికి ఫస్టొచ్చినట్టుంది!" అని మా బాపు నవ్వాడు.

జోసెఫ్ నవ్వలేదు. ఎర్రది వేస్తే ఇక్కడ స్కాలర్‌షిప్ పోతుంది, అక్కడ తండ్రిని పట్టుకెళ్తారు. పచ్చదే వేశాడు.

అధికారి అంతటితో వదల్లేదు. కళ్లు మూసుకుని వాళ్ల భాషలో ప్రార్థన మొదలుపెట్టాడు. మేమూ తలలు వంచాం. ఆయన ఆపగానే అలవాటు కొద్దీ అందరం గట్టిగా "ఆమేన్" అన్నాం. జోసెఫ్ ఒక్కడే అనలేదు.

"పరాయివాళ్లే అన్నారు, నీ నోరు పడిపోయిందా?" అని అధికారి ఇంగ్లీషులో గద్దించాడు.

జోసెఫ్ కన్నీళ్లతో "ఆమేన్" అన్నాడు.

ఆయన వెళ్లాక అసలు సంగతి చెప్పాడు. ఆ ప్రార్థన దేవుడికి కాదు, అధ్యక్షుడికి. రక్షకుడా అని పిలిచింది ఆయన్నే.

"థూ! మన ఆమేన్ చూపిచ్చి పిలగానితోని గింత పాపం చేయించిండు!" అంటూ అమ్మ వెళ్లి నోరు పుక్కిలించింది.

ఓటు గుంజుకున్నవాడికి జోసెఫ్ విశ్వాసం కూడా కావలసి వచ్చింది. దాన్ని గుంజుకోవడానికి మా భక్తి పనికొచ్చింది.