జిప్పోరమ్మ ఆఖరి కంప్యూటర్

జిప్పోరమ్మా నేనూ నాంపల్లి స్టేషన్ రోడ్డులో ఒకే దుకాణపు మడిగెలో బతుకుతున్నాం. ముందు సగంలో నా జిరాక్స్ మిషన్, వెనక సగంలో ఆమె డీటీపీ టైపు పని. పద్దెనిమిదేళ్లుగా ఒకే ఫ్యాను గాలి పంచుకుంటున్నాం. కోర్టు అఫిడవిట్లు, పెళ్లి కార్డులు, చర్చి కరపత్రాలు, పోయినవాళ్ల జ్ఞాపకార్థ కూడికల కార్డులు, ఏదొచ్చినా ఆమె కాదనదు. మెదక్ నుంచి వచ్చిన మనిషి. యాభై నాలుగేళ్లు. సాయంత్రానికి కుడి భుజం పైకి లేవదు.

ఆమె కంప్యూటర్ కూడా అట్లాగే అయింది. పని మధ్యలో టక్కున ఆగిపోయేది. మళ్లీ మొదలయ్యేదాకా ఆమె కళ్లు మూసుకుని కూర్చునేది. ప్రార్థన చేస్తోందేమో అనుకునేవాణ్ణి. "లేదన్నా, ఉత్తగనే కూసున్న," అంది ఒకసారి అడిగితే.

ఆ రోజుల్లోనే మెదక్ వైపు పాస్టరుగారి పాటల పుస్తకం ఆమె చేతిలో ఉంది. చేతిరాత నోటుబుక్కుల్లోంచి మూడు వందల పన్నెండు పాటలు ఏడాదిపాటు టైపు చేసింది. మూడుసార్లు తప్పులు దిద్దింది. సోమవారం ప్రెస్సుకు పోవాలి. ఇంకా పేజీలు సర్దే పని మిగిలే ఉంది.

"కిషనన్నా, కొత్తది కొనే తాకత్ లేదు, గీ పాతదానితోని పడే ఓపిక లేదు. సెకండ్ హ్యాండ్‌ల గట్టిది ఒకటి చూసిపెట్టు. గిదే ఆఖరుది. అరవై ఏండ్ల దాకా గుంజితే చాలు," అంది.

కంప్యూటర్ల గురించి నాకు తెలిసింది ఆవగింజంత. కానీ సలహా అడిగితే తెలియదనడం మా ఇంటా వంటా లేదు. బుధవారం పొద్దున్నే ఇద్దరం ఆబిడ్స్‌కు నడిచాం.

మొదటి దుకాణంలో రంగురంగుల లైట్లు వెలిగే డబ్బా చూపించారు. మూత తీయించి చూస్తే లోపల నాలుగు మిషన్ల ముక్కలు. పైన పటారం, లోన లొటారం. రెండో చోట ఐదు నిమిషాలు నడిపించి ఆపేశారు. ఇంకాసేపు నడపమంటే మొహం చిట్లించారు. మూడోది మేడ మీద, విజయేందర్ దుకాణం. కంపెనీ ఆఫీసులు మార్చేసిన కంప్యూటర్లు తెస్తాడు. అడక్కముందే మూత తీసి చూపించాడు.

"ఒకే కంపెనీ సామాను, ఏం మార్చలే. గంటసేపు కూసొని నడిపించుర్రి అమ్మా. వేడెక్కినా, చప్పుడొచ్చినా తీస్కోకుర్రి," అన్నాడు.

జిప్పోరమ్మ కూర్చుంది. అక్కడ తెలుగు సాఫ్ట్‌వేర్ లేదు. అయినా ఆమె తన వేళ్లకు తెలిసిన పద్ధతిలోనే కొట్టుకుంటూ పోయింది. తెర మీద ఇంగ్లీషు అక్షరాలు కిచిడీగా పడుతున్నాయి. పక్కన నిలబడ్డ ఒక గిరాకీ ఉండబట్టలేక అడిగాడు.

"ఏం భాషమ్మా గిది?"

"పాట. మూడో చరణం," అంది ఆమె తలెత్తకుండా.

గంటయింది. మిషన్ చల్లగానే ఉంది. ఆమె మొహంలో చాన్నాళ్లకు కాస్త తేట కనిపించింది. అప్పుడు నా తెలివి పొంగింది. పాతది తీసుకుని ధర తగ్గించమని నేనే బేరం పెట్టాను. విజయేందర్ ఒప్పుకున్నాడు. మా మడిగెకు మనిషిని పంపి పాత డబ్బా తెప్పించాడు. అందులోని హార్డ్ డిస్క్ విప్పి కొత్తదాంట్లో బిగించి, "ఫైళ్లన్నీ గిండ్లనే ఉన్నయి, ఫికర్ జెయ్యకుర్రి," అన్నాడు. పాటలన్నీ ఉన్నాయని ఆమె పేర్లు చూసుకుంది కూడా.

మర్నాడు మడిగెలో తెలుగు సాఫ్ట్‌వేర్ ఎక్కించి తెరిస్తే, లాక్ పెట్టమంది కంప్యూటర్.

లాక్ అంటే పెన్‌డ్రైవ్ అంత ముక్క. సాఫ్ట్‌వేర్ కొన్నప్పుడు ఇస్తారు. అది వెనక గుచ్చి ఉంటేనే ఆ తెలుగు తెరుచుకుంటుంది. ఆమె దాన్ని పద్దెనిమిదేళ్ల కింద పాత డబ్బా వెనక గుచ్చింది. మళ్లీ ఎన్నడూ తీయలేదు, చూడలేదు. దుమ్ములో కలిసిపోయిన ఆ ముక్క డబ్బాతోపాటే పోయింది. సాఫ్ట్‌వేర్ అమ్మిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. ఆ ఫైళ్లు వేరేదాంట్లో తెరుచుకోవు, ఆ ముక్క లేకపోతే మూడు వందల పన్నెండు పాటలూ మళ్లీ మొదటినుంచి కొట్టాల్సిందే.

ఆమె చెప్పులు తొడుక్కుని, విజయేందర్‌కు ఫోన్ చెయ్యమంది. నన్ను తిట్టినా బాగుండేది.

చేస్తే, తీసుకున్న పాత డబ్బాలన్నీ నిన్న సాయంత్రమే చాదర్‌ఘాట్‌లో యాదవ్వ తుక్కు దుకాణానికి పోయాయన్నాడు. ఆటో ఎక్కి పోయాం. యాదవ్వ పీట మీద కూర్చుని స్క్రూడ్రైవర్‌తో డబ్బాలు విప్పుతోంది.

"నిన్నటి లాటా? సగం పొద్దుగాలనే బండెక్కింది. గా ఎనక గుచ్చే పుల్లలా? రాగి రాదు, ఏం రాదు. గా బకెట్ల ఏస్త," అంది.

బకెట్ నిండా లాకులే. డీటీపీవాళ్లకు వాటి మీద దుకాణం పేరు రాసి అంటించుకోవడం అలవాటు. జిప్పోరమ్మ నేల మీద కూలబడి ఒక్కొక్కటే తీసి చదవసాగింది. "వసుమతి గ్రాఫిక్స్... గిది ఉస్మాన్‌గంజ్‌ల ఉండె. సౌభాగ్య డీటీపీ... మూసేసిన్రా? నాకు తెల్వనే తెల్వదు." ఎవరి పేరు చదివినా ఆమెకు మొహం గుర్తొస్తోంది. నాకు అక్కడ నిలబడబుద్ధి కాలేదు. ఇంతమంది ఎప్పుడు దుకాణం మూసుకుని పోయారో, పక్కనే ఉండి నేనూ చూడలేదు.

బకెట్ అడుగు కనిపించింది. ఆమె లాక్ లేదు. ఒక ముక్క మాత్రం ఆమె పిడికిట్లోనే ఉండిపోయింది.

"చంద్రికది. టైపు నేర్సుకునేటప్పుడు నా పక్క కుర్సీ. గామెది గూడ నా సాఫ్ట్‌వేరే. గీ లాక్ నాదాంట్ల గూడ పని జేస్తది," అంది.

"ఇంకేంది, పోదాం పా," అన్నాను.

"అడగకుండ ఎట్ల తీస్కపోత?"

ఫోన్ చేసింది. చంద్రిక ఇప్పుడు బేగం బజార్‌లో మసాలా ప్యాకెట్లకు సీలు వేస్తోందట. అవతల బజారు రద్దీ నాకూ వినిపించింది.

"నా లాకా? గది ఇంట్ల డబ్బాల ఉండాలె గదా అక్కా." అంతలో ఆమెకే గుర్తొచ్చింది. "పాత సామాను అమ్మిన్రు మావోళ్లు. గండ్లనే పోయినట్టుంది."

"నేను వాడుకోనా?"

"వాడుకో అక్కా. గా స్టిక్కర్ మాత్రం పీకకు."

యాదవ్వ దానికి పైసా తీసుకోలేదు. మడిగెకొచ్చి లాక్ గుచ్చితే తెలుగు తెరుచుకుంది. జిప్పోరమ్మ భుజానికి మందు రాసుకుని కూర్చుంది. ఆదివారం చర్చి నుంచి నేరుగా వచ్చి పేజీలు పూర్తి చేసింది. మిషన్ ఒక్కసారి కూడా ఆగలేదు.

సోమవారం పాస్టరుగారు వచ్చి ప్రెస్సుకిచ్చే కాగితాలు తిరగేశారు. మొదటి పేజీ అడుగున, టైపు చేసినవాళ్ల పేరు చిన్న అక్షరాలతో వేసే చోట ఆగారు. అక్కడ రెండు పేర్లున్నాయి.

"చంద్రిక ఎవరమ్మా? మన సంఘస్థురాలేనా?"

"కాదయ్యగారూ," అంది జిప్పోరమ్మ. "టైపిస్టు."