ఖరగ్‌పూర్‌కి బంగారు వాచీతో

వాడేసిన వాచీ ఒకటి అమ్మడానికి రైలెక్కి బెంగాలు దాకా పోవాలా అని మీరు అడగవచ్చు. ఊళ్లో అమ్ముడుపోతే నేనూ పోయేవాణ్ణి కాదు. ముందు ఆ సంగతి చెప్పి తర్వాత రైలెక్కుతాను.

మా సూరమ్మ పిన్ని దగ్గర ఒక స్విట్జర్లాండు చేతి వాచీ ఉండేది. చిన్నాన్న దివాణంలో కారు డ్రైవరుగా పనిచేశాడు. జమీందారీలు రద్దయి, దివాణంలో సామాన్లు సర్దుతున్న రోజుల్లో, జమీందారుగారు తన చేతి వాచీ విప్పి చిన్నాన్న చేతిలో పెట్టారు. బంగారపు కేసు, వెనక మూత మీద దొరవారి పేరు తాలూకు పొడి అక్షరాలు. చిన్నాన్న దాన్ని ఒక్కరోజూ పెట్టుకోలేదు. ఆయన పోయాక అది బియ్యం డబ్బాలో ఉండిపోయింది.

పిన్ని అద్దె మిషను మీద రవికలు కుట్టి బతుకుతోంది. దసరా వెళ్లాక మిషను అమ్మేస్తానని దాని యజమాని చెప్పేశాడు. పిన్ని కొనుక్కుంటే సరే, లేకపోతే ఎవరు కొంటే వారికి. వాచీ బయటికి తీసి నాకిస్తూ పిన్ని ఒకటే మాట అంది. "మిషనొక్కటి నా ఇంట్లో ఉంటే సాలు నాయినా. మిగిలిందేదైనా నువ్వే ఉంచుకో."

నేను బడిపంతుల్ని. మా వైపు "చ" అందరి నోటా "స" అయినా, నా నోట మాత్రం "చ" గానే పలుకుతుంది. దానికి ఊళ్లో నన్ను వెక్కిరిస్తారు కూడా. ఈ సంగతి ఇప్పుడు అక్కర్లేనిదిగా కనిపించినా గుర్తుపెట్టుకోండి.

విజయనగరంలో వాచీ చూసిన ప్రతివాడూ మెచ్చుకున్నాడు. వెనక్కి తిప్పి అక్షరాలు చూడగానే "దివాణం సొమ్ము మనకెందుకు మాష్టారూ" అని తిరిగిచ్చేశాడు. బంగారం కొంటే లెక్క చెప్పాలనే చట్టం వచ్చిన కొత్త రోజులు కనక షరాబు చెయ్యి కూడా పెట్టలేదు. ఒక ప్లీడరుగారు "నాలుగు రోజులు పెట్టుకుని చూస్తానోయ్" అని తీసుకెళ్లి, మేనకోడలి పెళ్లిలో మూడు పూటలా పెట్టుకు తిరిగి, "మరీ బరువుగా ఉంది" అని పంపేశారు. ఖరీదైన సరుకు కొనేవాడికంటే చూసేవాడే ఎక్కువని అప్పుడు తెలిసింది.

అప్పలస్వామి బావ మా మేనత్త కొడుకు. ఖరగ్‌పూరు రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. "ఈడకి తీసుకొచ్చీ. రైలోళ్లకి వాచీ ఇలువ తెలుస్తాది" అని కబురు పెట్టాడు. దసరా సెలవులివ్వగానే బయల్దేరాను.

సాయంత్రం మెయిలు, మూడో తరగతి. వాచీని గుడ్డలో చుట్టి చొక్కా లోపలి జేబులో పెట్టి, జేబుకి పిన్నీసు గుచ్చుకున్నాను. పెట్టెలో కాలు పెట్టే చోటు లేదు. ఆమదాలవలసలో ఒకాయన దిగితే కూర్చున్నాను. పలాసలో జీడిపప్పు పొట్లం, పులిహోర పొట్లం కొన్నాను. పులిహోరలో పులుపే ఉంది, మిగతావి లేవు. జీడిపప్పు బాగుంది. వెళ్లేవాళ్లు అదే కొనుక్కోండి.

ఎదటి బల్ల మీది పెద్దాయన "టైమెంతయింది బాబూ?" అనడిగాడు. జేబులో అంత వాచీ పెట్టుకుని "నా దగ్గర వాచీ లేదండీ" అన్నాను. ఇంతలో పక్కన కూర్చున్న ముసలమ్మ నిద్రలో నా మీదకి ఒరిగి, ఉలిక్కిపడి లేచింది. నా ఛాతీ కేసి అనుమానంగా చూసింది.

"నాయినా, నీ గుండెకాయ శానా తొందరగా కొట్టుకుంటన్నాది. డాటరికి సూపించుకో" అంది.

పెట్టెలో సగం మంది నన్ను జాలిగా చూశారు. వాచీకి ఇక కీ ఇవ్వకూడదని అప్పుడే నిశ్చయించుకున్నాను. టిక్కుటిక్కు వినబడకపోతే దొంగలకీ తెలియదు, ముసలమ్మలకీ తెలియదు. తెలివైన పని చేశాననే అనుకున్నాను.

చిల్కా సరస్సు చీకట్లో దాటిపోయింది. బాలాసోరులో తెల్లవారింది. మట్టి పిడతలో టీ ఇచ్చారు. టీ కంటే పిడత వాసనే బాగుంది. ఎండెక్కకముందే ఖరగ్‌పూరు వచ్చింది. ప్లాట్‌ఫారం ఈ చివర దిగితే బావ ఆ చివర ఉన్నాడు. నడిచి నడిచి కలుసుకునేసరికి ఇద్దరికీ పలకరించుకునే ఓపిక లేదు.

"తెచ్చినావా?" అన్నాడు.

"తెచ్చాను" అన్నాను.

"మరైతే టిఫినీ తిందుము రా."

స్టేషను బయట నాలుగు భాషలు ఒకేసారి వినిపిస్తాయి. బావ రిక్షావాడితో హిందీ, కూరలామెతో బెంగాలీ, టీ కొట్టు ఒరియా ఆయనతో ఒరియా, నాతో తెలుగు మాట్లాడుతూ ఏ మాట దగ్గరా తడుముకోలేదు. వర్క్‌షాపు కూత కూయగానే సైకిళ్లు వరద నీళ్లలా వచ్చేశాయి. ఆ కూత విని ఇళ్లల్లో ఆడవాళ్లు కూడా గోడ గడియారాలు సరిచేసుకుంటారు. ఇలాంటి ఊళ్లో వాచీకి గిరాకీ ఉండకపోతుందా అనిపించింది.

ఆరోజు బావ సెలవు పెట్టాడు. మొదట ఖరిదా బజారులో వాచీలు బాగుచేసే బెంగాలీ దాదా దగ్గరకు వెళ్లాం. కంటికి అద్దం తగిలించుకుని మూత తీశాడు. రెండు చుట్లు కీ ఇచ్చి చెవి దగ్గర పెట్టుకుని, పసిపిల్లను చూసినట్టు నవ్వాడు.

"ఆసోల్ జినిష్" అన్నాడు. అసలు సరుకేనట. నా ప్రాణం లేచొచ్చింది. వెంటనే "కాగోజ్?" అన్నాడు. కొన్న కాగితం ఉందా అని. దివాణంవారు వాచీ ఇచ్చారు గాని రసీదు ఎక్కడిస్తారు! దాదా మూత బిగించి, వెనక ఉన్న అక్షరాలు వేలితో తడిమి, నా మొహం చూసి, తల అడ్డంగా ఊపాడు. ఎవరిదని పోలీసులడిగితే ఆయనేం చెబుతాడు? కోపం రాలేదు గాని, నా మొహం అంత దొంగ మొహంలా ఉందా అని మాత్రం బాధ కలిగింది.

సాయంత్రం గార్డు దేవసహాయంగారి క్వార్టరుకి వెళ్లాం. భీమునిపట్నం వైపు నుంచి వాళ్ల తాతల నాడే వచ్చి స్థిరపడిన క్రైస్తవ కుటుంబం. ఆయన వాచీని తన డ్యూటీ వాచీ పక్కన పెట్టి, తనూ ఓ రెండు చుట్లు కీ ఇచ్చి, కాఫీ తాగినంతసేపూ రెండు ముళ్లనీ చూస్తూ కూర్చున్నారు.

"ఎంత అందంగా నడుస్తన్నాది మాష్టారూ! దీన్ని చూస్తే నా వాచీ సిగ్గుపడతన్నాది" అన్నారు.

"తీసుకోండి మరి" అన్నాడు బావ.

"తీసుకుని ఏటి సేస్తానోయ్? ఇది పెట్టుకుని బండెనక బ్రేకువేనెక్కితే, గార్డుగారికి బంగారు వాచీ ఎక్కణ్ణించి వచ్చిందని సరుకుల పెట్టెలన్నీ లెక్కెట్టేస్తారు. ఇంట్లో దాచుకుంటే మీ పిన్నిగారి బియ్యం డబ్బాకీ నాకూ తేడా ఏటి?"

విలువ తెలిసినవాడు పెట్టుకోలేడు, పెట్టుకోగలవాడు నమ్మడు. ఆయన మాత్రం మలంచా రోడ్డులో ఉండే దత్తబాబు పేరు చెప్పారు. రిటైరైన ఇంజనీరు, మంచి వస్తువులంటే సరదా, ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనక్కర్లేని మనిషి.

మర్నాడు బావకి డ్యూటీ. "ఒక్కడివీ ఎల్లగలవా? హిందీ వచ్చు కదా?" అన్నాడు. హిందీ పరీక్షలు రెండు ప్యాసయ్యాను. వెళ్లగలనన్నాను.

రిక్షా మలంచా రోడ్డులో ఎర్ర అరుగుల ఇంటి ముందు దింపింది. దత్తబాబు తెల్లటి పంచె, లోపలి బనీనుతో వరండాలో పేపరు చదువుకుంటున్నారు. వాచీ చూడగానే పేపరు మడిచేశారు. వెనక అక్షరాలు చూసి భయపడలేదు సరికదా, ముచ్చటపడ్డారు. నాలుగు వేళ్లు చూపించారు. నాలుగు వందలన్నమాట. మిషను వచ్చేస్తుంది, పైన మిగులుతుంది కూడా. అయినా బేరమన్నాక మొదటి మాటకే ఒప్పుకుంటే లోకువని ఊరుకున్నాను.

ఆయన వాచీ అద్దం కేసి చూసి, కనుబొమలు ముడిచి, "ఘొడీ చాలు తో?" అన్నారు.

మిగతాది పట్టించుకోలేదు గాని, "చాలు" అన్న మాట చెవిన పడగానే నాకు సంతోషం కలిగింది. ఎన్నో ఏళ్లుగా తెలుగువాళ్ల మధ్య ఉంటున్నారు, రెండు ముక్కలు నేర్చుకున్నారు, నాలుగు వందలు చాలునా అని అడుగుతున్నారు. నేనూ మర్యాదగా, తల అడ్డంగా ఊపి, "నై చాలు, బాబూ, నై చాలు" అన్నాను.

ఆయన మొహం మారిపోయింది. ఒక వేలు మడిచి మూడు చూపించారు.

ఇదెక్కడి బేరం? చాలదంటే తగ్గిస్తారా? ఈసారి గట్టిగానే, "బిల్‌కుల్ నై చాలు!" అన్నాను. ఆయన రెండు వేళ్లు చూపించారు. నేను వాచీ లాక్కున్నంత పని చేసి, నమస్కారం పెట్టి, మెట్లు దిగి వచ్చేశాను. వెనక నుంచి ఆయన ఏదో అంటూనే ఉన్నారు. దారి పొడుగునా బెంగాలీ బాబుల బేరాల మీద నాకు నేనే ఉపన్యాసం ఇచ్చుకున్నాను. కాని పిన్నికేం చెప్పాలన్న చోట ఉపన్యాసం ఆగిపోయింది. దసరా దగ్గరకొచ్చేస్తోంది. ఊళ్లో మిషను వేరేవాళ్ల పాలవుతుంది.

సాయంత్రం బావ వచ్చాక జరిగింది చెప్పాను. వాచీ తీసి చెవి దగ్గర పెట్టుకుని, మంచం మీద కూలబడి నవ్వడం మొదలెట్టాడు.

"ఓరి నాయినో! చాలు అంటే ఈళ్ల భాషలో నడుస్తన్నాదా అని. వాచీ ఆగిపోయుంది. నడుస్తన్నాదా బాబూ అని ఆయనడిగితే, నడవదు, బొత్తిగా నడవదు అని నువ్వు ప్రమాణం సేసి వచ్చినావు!"

ఖరిదా దాదా, దేవసహాయంగారు ఇచ్చిన ఆ నాలుగు చుట్ల కీ ఎప్పుడో అయిపోయింది. రైల్లో ముసలమ్మ మాట విన్నది లగాయతు నేను కీ ముట్టుకోలేదు.

"మనోళ్లలాగ సాలదు అనుంటే ఈ గొడవ లేకపోను" అన్నాను, ఏమీ తోచక.

"అదింకా బాగుణ్ణు. సాలా అని తిట్టినట్టు ఇనబడి కర్ర తీసుండేవోడు" అన్నాడు బావ.

మర్నాడు ఆదివారం. వాచీకి నిండుగా కీ ఇచ్చి ఇద్దరం వెళ్లాం. దత్తబాబు నన్ను చూసి పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. బావ వాచీ ఆయన చెవి దగ్గర పెట్టాడు. ఆయన విని, బెంగాలీలో అన్నదాన్ని బావ నాకు చెప్పాడు. "నిన్న నడవదన్నావు, ఇవాళ నడుస్తన్నాదంటన్నావు. మరి రేపేటంటావు?"

న్యాయమైన ప్రశ్నే. బావ "చాలు" సంగతంతా విప్పి చెప్పాడు. దత్తబాబు మొదట నమ్మలేదు. నమ్మాక నవ్వు ఆపుకోలేక లోపలికి కేకేసి భార్యను పిలిచారు. ఆవిడకి మళ్లీ మొదటి నుంచి చెప్పారు. ఆవిడ కూడా నవ్వి, కళ్లు తుడుచుకుని, నా వైపు తిరిగి ఏదో అడిగారు.

"ఎందుకమ్ముతున్నారు అంటన్నాది బౌదీ" అన్నాడు బావ, ఆవిణ్ణి వదిన వరస కలిపి.

ఇన్నాళ్లూ ఈ వాచీ ఎవరిదని అడిగారు, ఎక్కడిదని అడిగారు, కాగితం ఉందా అని అడిగారు. ఎందుకమ్ముతున్నావని అడిగిన మొదటి మనిషి ఆవిడే. పిన్ని గురించి, అద్దె మిషను గురించి, బియ్యం డబ్బా గురించి చెప్పాను. బావ ఒక్కొక్క ముక్కా బెంగాలీలో పెట్టాడు.

ఆవిడ వరండా మూలకి వెళ్లి, దుప్పటి కప్పిన వస్తువు మీంచి దుప్పటి లాగేశారు. కాలు మిషను. కూతురు పెళ్లై టాటానగరం వెళ్లిపోయాక దాన్నెవరూ ముట్టుకోలేదట. భార్యాభర్తలు కాసేపు వాదించుకున్నారు. చివరికి తేలిందేమిటంటే, వాచీ వాళ్లకి, మిషను మాకు, పైన రానూపోనూ రైలు ఖర్చులు.

నాలుగు వందలెక్కడ, ఇదెక్కడ అని నాలోని బేరగాడు గొణిగాడు. కాని రేపటికల్లా మళ్లీ నడవదంటానేమో అన్న అనుమానం దత్తబాబుకి పూర్తిగా పోలేదని ఆయన చూపుల్లోనే తెలుస్తోంది. ఒప్పుకున్నాను. వాచీ ఇచ్చేముందు చివరిసారి వెనక్కి తిప్పి చూశాను. దొరవారి అక్షరాలు అరిగిపోకుండా అలాగే ఉన్నాయి.

తిరుగు ప్రయాణం మర్నాటి బండిలో. మిషను తలకాయ గోనెలో కట్టి, ఇనప స్టాండు విడిగా కట్టి బ్రేకువేనులో వేయించాం. ఆ బండి మీద డ్యూటీ దేవసహాయంగారిదే కావడం మా అదృష్టం. "వాచీ అయితే నా బండెక్కలేకపోయింది గాని, మిషనెక్కింది. మార్గంలో దిగిపోయేటప్పుడు అవతలి గార్డుకి అప్పజెప్పి ఎల్తాను" అన్నారు. కిటికీ దగ్గర నిలబడ్డ బావ "మాష్టారూ, దారిలో బెంగాలీ మాటాడకు" అని కేకేశాడు.

పెట్టెలో ఈసారి నా గుండె సంగతి ఎవరూ అడగలేదు. టైమెంతని అడిగితే "వాచీ లేదండీ" అని నిజమే చెప్పాను. వాడిన వాచీ అమ్మబోయేవారికి నేను చెప్పగలిగింది ఇంతే. కొనేవాడు వాచీని చూడడు, మిమ్మల్ని చూస్తాడు. అందుకని ఎందుకమ్ముతున్నారో ముందే చెప్పండి. కీ ఇచ్చి మరీ వెళ్లండి.

విజయనగరంలో దిగేసరికి పొద్దెక్కింది. బావ ముందే కబురు పెట్టినందువల్ల పిన్ని స్టేషనుకి వచ్చేసింది. గోనె మూట దింపగానే ప్లాట్‌ఫారం మీదే కూర్చుని తాడు విప్పింది. అటూ ఇటూ తడిమింది.

"పిన్నీ, వాచీ ఖరీదు దీనికంటే చాలా ఎక్కువే. నాకు అమ్మడం చేతకాలేదు" అన్నాను.

పిన్ని నా మాట వినిపించుకోలేదు. చక్రం మీద అరచెయ్యి వేసి తిప్పింది. సూది పైకీ కిందకీ ఆడింది. ఇంకోసారి తిప్పింది, ఇంకోసారి. అప్పుడు తలెత్తి, కళ్లనిండా నీళ్లతో నవ్వింది.

"సాలు నాయినా. సాలు" అంది.

పిన్నికి తెలియదు గాని, నా "చ" పెట్టి పలికితే ఆ మాట రెండు భాషల్లోనూ నిజమే.